అద్దాల గదిలో కరివేపాకు

ఇంట్లో వేడి పోయిందన్న కబురు వీరాంజనేయులుకి ముందుగా అందించింది ఒళ్ళు కాదు, మొక్కలు. జనవరి నెల, శనివారం సాయంత్రం. ఇంటి వెనక అద్దాల గదిలోకి అడుగు పెట్టేసరికి కరివేపాకు రెమ్మలన్నీ తలలు వేలాడేసుకుని ఉన్నాయి. గోడవారనున్న రేడియేటరు మీద చెయ్యి వేశాడు. చేపల బజారులో మంచుగడ్డ మీద పడుకోబెట్టిన కొర్రమీనుని ముట్టుకున్నట్టుంది.

చీరాలలో తండ్రి బట్టల కొట్టులో గజం బద్ద పట్టుకుని పెరిగినవాడు వీరాంజనేయులు. భార్య భానుమతికి ఉద్యోగం వస్తే ఆమె వెనక జర్మనీ వచ్చి, స్టుట్‌గార్ట్ పక్కన షోర్న్‌డార్ఫ్‌లో ఇండియన్ సరుకుల కొట్టు పెట్టాడు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తరవాత బియ్యం, పప్పులు ఫోనులో నొక్కితే గుమ్మం ముందుకొచ్చే రోజులొచ్చాయి. కొట్టు మూతబడింది. ఆ మరుసటి ఏడే భానుమతి కంపెనీ వాళ్ళు సగంమందిని ఇంటికి పంపారు, ఆ సగంలో ఆమె ఉంది. అలాంటప్పుడు వాళ్ళని నిలబెట్టింది వంటింటి కిటికీలో ఆమె గింజనుంచి పెంచిన కరివేపాకు చెట్టు. ఫోనులో నొక్కితే వచ్చేది ఎండు కరివేపాకు. ఇవాళ కోసి ఇవాళే చేతిలో పెట్టేది ఎక్కడ దొరుకుతుంది? వ్యాపారస్తుడి కన్ను ఆ సందుని ఇట్టే పట్టేసింది. ఒక చెట్టు నుంచి పది, పది నుంచి గదంతా. ఎస్-బాన్ రైలెక్కి బోబ్లింగెన్ నుంచి, లుడ్విగ్స్‌బర్గ్ నుంచి తెలుగువాళ్ళు వచ్చేవారు. రెమ్మలు కొనుక్కునేవాళ్ళు కొందరు, వేసవిలో కుండీతో సహా ఎత్తుకుపోయేవాళ్ళు కొందరు.

ఇప్పుడు ఆ గదే కొట్టు, ఆ గదే జీతం. మొక్కలు చలికాలం దాటితే వీళ్ళు ఈ ఇంట్లో ఉంటారు. దాటకపోతే సామాను కట్టుకోవాలి. అంతకు మించి లెక్కలో ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నమే కింద సెల్లారులో మొగుడూ పెళ్ళాలకి మాటామాటా వచ్చింది. గ్యాసు బాయిలరు ఉన్న గదిలో ప్లగ్గు పెట్టుకునే చోటు ఒక్కటే ఉంది, అది బాయిలరుది. భానుమతి పిండి రుబ్బే గ్రైండరు కూడా అక్కడే. మేడ మీద పెడితే దాని హోరుకి పక్కింటావిడ గోడ మీద కొడుతుంది. అందుకని భానుమతి బాయిలరు ప్లగ్గు తీసి గ్రైండరుది పెట్టి, పిండి అవగానే మళ్ళీ బాయిలరుది పెట్టేసి వచ్చేది. ఏళ్ళుగా అంతే. ఆ రోజు ఖాళీ కుండీల కోసం కిందికెళ్ళిన వీరాంజనేయులు కంట పడింది.

"బయట గడ్డకట్టి చస్తుంటే హీటింగు ఆపి రుబ్బుతున్నావా?"

"అరగంటలో అయిపోద్దండీ. ఇవాళేమన్నా కొత్తా?"

"గదిలో మొక్కలు నీకు అరగంట టైమిచ్చాయా?"

గ్రైండరు ప్లగ్గు పీకేసి, బాయిలరు ప్లగ్గు తనే గోడలో గుచ్చి, విసవిసా మెట్లెక్కాడు. పిండి సగం నలిగి సగం గింజగా ఉండిపోయింది. సాయంత్రానికి రేడియేటర్లు చల్లబడ్డాయి.

కిందికి దిగి చూస్తే బాయిలరు ముఖాన ఎర్రదీపం. మళ్ళీ మొదలెట్టే బటను నొక్కాడు. లోపల ఫ్యాను తిరిగింది, టకటకమని నిప్పురవ్వ కొట్టింది, భప్‌మని అంటుకుంది. చిన్న అద్దంలోంచి నీలంగా మంట కనిపించింది. అమ్మయ్య అనుకునేలోపు ఆరిపోయింది. మళ్ళీ రవ్వ, మళ్ళీ మంట, మళ్ళీ చీకటి. మూడోసారికి దీపం ఎర్రగా వెలిగి మొండికేసింది.

"చూశావా? నీ గ్రైండరు లోడుకి దీని గుండె ఆగింది," అన్నాడు మెట్ల మీద నిలబడ్డ భానుమతితో.

ఆమె కిందికి దిగింది. గ్రైండరు మీద పాత దుప్పటి కప్పేసింది.

ఇలాంటప్పుడు ఇక్కడ ఎవడైనా చేసే పని ఒక్కటే. ఇల్లు అద్దెది. ఇంటాయనకి ఫోను చేస్తే ఆయన తన మెకానిక్కుని పంపాలి, అది ఆయన బాధ్యత. భానుమతి అదే అంది.

"ఇంటాయన క్నాప్ గారికి చెబుదామండీ. సోమవారం పొద్దున్నకల్లా మనిషిని పంపిస్తాడు."

"పంపిస్తాడు. వెంట తనూ వస్తాడు. వచ్చి అద్దాల గది చూస్తాడు. నేల మీద మట్టి, అద్దాల మీద చెమ్మ, గోడకి బూజు. ఇల్లు కాపురానికిచ్చాను, తోట పెట్టి వ్యాపారం చేసుకోవడానికి కాదు అంటాడు. ఆ తరవాత వేడి ఉండి ఎవరికి లాభం?"

"మొక్కలు పోతేనో?"

"పోనివ్వను."

అతని వాదనలో తప్పు పట్టడానికి లేదు. ఇంటాయన్ని పిలిస్తే ఇల్లు పోయే ముప్పు, పిలవకపోతే మొక్కలు పోయే ముప్పు. రెండిట్లో తన చేతిలో ఉన్నదేది? రెండోది. చేతిలో ఉన్న సరుకుతోనే బేరం చెయ్యాలని తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. కాకపోతే చేతిలో ఉందనుకున్నది చేతిలో లేకపోవడం కూడా వ్యాపారంలో ఉంటుంది. అది నేర్పేవాళ్ళు ఉండరు.

ఆదివారం సుమంత్‌ని పిలిచాడు. కరీంనగర్ కుర్రాడు, కార్లకి కరెంటు పెట్టెలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. కొట్టున్న రోజుల్లో వారం వారం వచ్చేవాడు. ఇప్పటికీ వీళ్ళింట్లో భోజనం అంటే రైలు దూరం లెక్క చూసుకోడు. మీటరు, స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని వచ్చాడు.

"అన్నా, సక్కగ చెప్తున్న. గ్యాసు దిక్కు నేను చెయ్యి పెట్ట. కరెంటు వరకే చూస్త."

"కరెంటే తమ్ముడూ. మంట అంటుకుంటోంది, నిలవట్లేదు. గ్యాసు లేకపోతే అసలు అంటుకోదుగా!"

"అరె, నువ్వు నాకంటె మంచిగ చెప్తున్నవ్."

సెల్లారు మెట్ల దగ్గర బాయిలరు మొత్తానికి ఎర్ర స్విచ్చు ఒకటుంది. అది కట్టేసి సుమంత్ మూత విప్పాడు. ఫ్యూజు చూశాడు, బాగుంది. వైర్ల బిగింపులు ఒక్కొక్కటీ లాగి చూశాడు, బాగున్నాయి. మళ్ళీ స్విచ్చు వేసి, లోపలికి కరెంటు వచ్చే రెండు వైర్ల మధ్య మీటరు ముళ్ళు పెట్టాడు. రెండు వందల ముప్ఫై.

"కరెంటు ఫుల్లుగ ఉన్నది. ఇగ చూడు, ఈ రాడ్ మంటల ఉంటది. మంటలకెల్లి దీనికి సన్నగ కరెంటు పారాలె. అది పారితేనే పెట్టె నమ్ముతది, మంట ఉన్నదని. లేకుంటే గ్యాసు బంద్ చేస్తది. ఇల్లు పేలకుండ."

"మంట మన కళ్ళకి కనపడుతోందిగా?"

"మన కండ్లు దానికెందుకన్నా? దాని కన్ను దానిది."

ఆ రాడ్‌ని గరుకు కాగితంతో మెరిసేదాకా తోమారు. మంట వెలిగింది, ఆరింది. రాడ్ పాతదైందనుకుని కొత్తది తెప్పించారు. అది వచ్చేదాకా రెండు రోజులు గడిచాయి. పెట్టారు. వెలిగింది, ఆరింది. రాడ్ వైరు మార్చారు. అదే తంతు. ఎండు చెరువులో వల వేసినట్టు వేస్తూనే ఉన్నారు.

ఈలోగా చలి ముదిరింది. రేడియోలో మైనస్ పన్నెండు అన్నారు. పగలు కూడా అద్దాల గది కిటికీల లోపలివైపు మంచుపువ్వులు పూసి కదలడం లేదు. వీరాంజనేయులు ఫ్యాను హీటర్లు రెండు కొనుక్కొచ్చి గదిలో పెట్టాడు. రెండూ కలిసి తిరగ్గానే ఇంట్లో కరెంటు టపీమని పడిపోయింది. పాత ఇల్లు, పాత వైరింగు. ఒక్కటే నడపాల్సి వచ్చింది. ఆ ఒక్కటి తన ముందున్న మొక్కల ఆకుల్ని అప్పడాల్లా కాల్చింది, మూలనున్న వాటికి దాని ఊసే అందలేదు. పట్టినన్ని కుండీలు పడకగదిలోకి మోశారు. పడకగది మాత్రం వెచ్చగా ఉందా! మొగుడూ పెళ్ళాలు టోపీలు పెట్టుకుని కుండీల మధ్య పడుకున్నారు. దుప్పట్లు మొక్కలకి కప్పి, కోట్లు తాము కప్పుకున్నారు.

భానుమతి మళ్ళీ అడిగింది.

"ఇప్పటికైనా ఫోను చేద్దామండీ."

"ఇప్పుడు చేస్తే, ఇన్నాళ్ళు చెప్పకుండా మీరే ఎందుకు విప్పారంటాడు. అది ఇంకో నేరం."

"మీ లెక్కలో రోజు రోజుకీ ఫోను ఖరీదు పెరుగుతోంది. మొక్కల ఖరీదు మాత్రం రాస్తున్నట్టు లేదు."

ఆ మాట నిజమని అతనికి తెలుసు. మునిగే బేరంలో పెట్టిన కొద్దీ ఇంకా పెట్టాలనిపిస్తుంది. ఇంతా పోసి ఇప్పుడు వదిలేస్తే పోసిందంతా దండగేగా అనిపిస్తుంది. చీరాలలో ఎంతమంది అలా మునగడం చూశాడు! గట్టున కూర్చుని వాళ్ళకి బుద్ధి చెప్పినవాడే.

సుమంత్ ఇక పెట్టెలోని బోర్డే పోయి ఉంటుందన్నాడు. కొత్తది దొరకడానికి నెల పడుతుందన్నారు. పాత సామాన్లు అమ్మేవాడి దగ్గర ఒకటి ఉందని తెలిసి అతనే స్నేహితుడి కారేసుకుని హైల్‌బ్రోన్ దాకా వెళ్ళి తెచ్చాడు. మళ్ళీ శనివారం వచ్చేసింది. ఇద్దరూ సెల్లారులో వంగి, ఊపిరి పొగలు కక్కుతుంటే, బోర్డు మార్చారు. బటను నొక్కారు.

ఫ్యాను. టకటక. భప్.

వీరాంజనేయులు చిన్న అద్దానికి కళ్ళు ఆనించాడు. నీలం మంట నిలబడింది. నిలబడింది, నిలబడింది. ఆరింది.

సుమంత్ నేల మీద కూలబడ్డాడు. "ఇగ నాతోని కాదన్నా. నా చదువు ఇక్కడికే."

వీరాంజనేయులు స్క్రూడ్రైవరు కింద పడేశాడు. ఓడిపోయినప్పుడు తిట్టడానికి ఒక మనిషి కావాలి. ఈ కుర్రాడు అందుకు పనికిరాడు, ఇంటాయనకి సంగతే తెలియదు, మిగిలింది భానుమతి. అప్పుడే ఆమె మెట్లు దిగి వచ్చింది, చేతిలో కుంకుమ భరిణెతో.

"అదొక్కటే తక్కువైంది," అన్నాడు. "హారతి పళ్ళెం కూడా తేవాల్సింది. కొబ్బరికాయ నేను కొడతాను."

"మీరు చేసేవన్నీ చేశారుగా. నన్ను ఇది చెయ్యనివ్వండి."

ఏటా దసరాకి ఆమె ఇంట్లో ఉన్న యంత్రాలన్నిటికీ బొట్లు పెడుతుంది. వాషింగ్ మిషను, గ్రైండరు, బాయిలరు, వాటి ప్లగ్గులు కూడా. యంత్రానికి ప్రాణం ప్లగ్గులోనే ఉంటుందని ఆమె లెక్క. బాయిలరు ముఖాన దసరానాటి బొట్టు వెలిసిపోయి ఉంది. దాని మీద కొత్తది అద్దింది. వంగి గోడలో ఉన్న ప్లగ్గు వైపు చూసింది. ఉంగరపు వేలికి కుంకుమ అంటించుకుని అలాగే ఆగిపోయింది.

"దీని బొట్టు ఏదీ?"

"చెరిగిపోయి ఉంటదిలే వదినా," అన్నాడు సుమంత్.

"ప్లగ్గు మీద చెరగదు. నేను పెట్టినప్పుడల్లా బొట్టు పైకుండేలా పెడతాను." ఆమె కిందికి వేళ్ళు పోనిచ్చి తడిమింది. వేలి కొసన పాత కుంకుమ అంటింది. "అడుగునుంది. తలకిందులుగా పెట్టారు. బొట్టు పాదాల కిందికా పోయేది!"

ఆమె ప్లగ్గు లాగి, తిప్పి, బొట్టు పైకి వచ్చేలా గుచ్చింది. దాని మీద కొత్త కుంకుమ అద్దింది. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, చెయ్యి చాపి బటను నొక్కింది.

ఫ్యాను తిరిగింది. టకటక. భప్.

ముగ్గురూ ఆరిపోతుందని చూశారు. ఆరలేదు. ఇంకా చూశారు. గొట్టాల్లో నీళ్ళు కదిలిన చప్పుడు మొదలై, పంపు గుర్రుమంటుంటే మేడమీదికి పాకింది. వీరాంజనేయులు గొట్టం మీద అరచెయ్యి వేశాడు. గోరువెచ్చన. ఆ పైన చెయ్యి తీయాల్సి వచ్చేంత వేడి.

సుమంత్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "థూ, నా మీటరుల మన్ను వొయ్య! రెండు వైర్ల నడిమిట్ల చూసిన గని, ఏది ఏ వైపు ఉన్నదో చూడనే లేదు. ఎట్ల పెట్టినా రెండు వందల ముప్ఫైయే చూపిస్తది!"

"ఏంటి తమ్ముడూ? ప్లగ్గు తిప్పితే ఏంటి?"

"మన దగ్గర మూడు కాళ్ళ ప్లగ్గన్నా, తిప్పి పెడదామన్నా దూరదు. ఇక్కడ రెండు కాళ్ళది, ఎట్లైన దూరుతది. టీవీకి, గ్రైండరుకి ఏం ఫరకు పడదు. ఈ బాయిలరుకి పడతది. కరెంటు వచ్చే వైరు, పోయే వైరు తారుమారైతే ఆ రాడ్ గుడ్డిదైతది. ముంగట మంట ఉన్నా కనవడదు." ఇంజనీరు కదా, చివరిదాకా అడిగాడు. "గని వదిన ఎప్పుడూ బొట్టు పైకే పెట్టేదాయె. మరి ఉల్టా పెట్టిందెవరు?"

భానుమతి భరిణె మూత తిప్పి బిగించింది. చూపు మొగుడి వైపు పోలేదు, దుప్పటి కప్పిన గ్రైండరు వైపూ పోలేదు.

"పైకి రండి. టీ పెడతాను," అంది సుమంత్‌తో.

ఆమె ఒక మాట అనుంటే వీరాంజనేయులు ఇంకో మాట అనేవాడు. బేరం అలా ఎక్కడో ఒకచోట తెగేది. అనలేదు. ఎదుటివాడు ధర చెప్పకుండా వెళ్ళిపోయినప్పుడు వ్యాపారస్తుడికి కాళ్ళ కింద నేల ఉండదు. ఒక్కడే ఆ వేడి గొట్టం పక్కన నిలబడిపోయాడు. పనివాణ్ణి పిలిచి ఉంటే, వాడు మొదటిరోజే ప్లగ్గు తిప్పి, టీ తాగి వెళ్ళిపోయి ఉండేవాడేమో. ఇంటాయన వెంట రాకపోయి ఉండేవాడేమో. వచ్చినా, కాళ్ళావేళ్ళా పడి వేసవిదాకా గడువు అడిగి ఉండొచ్చు. గదిలో సరుకుంటే గడువుకి విలువ ఉంటుంది.

ఇల్లు వెచ్చబడింది. కుండీలు తిరిగి అద్దాల గదిలోకి చేరాయి. ఒకటి రెండు రోజులు వీరాంజనేయులు సంబరపడ్డాడు కూడా, ఎందుకంటే మొక్కలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. తలలు వాలాయి గానీ రంగు పోలేదు. చలి చేసే మోసం అదేనని అతనికి తెలియదు. గడ్డకట్టినంతసేపు పచ్చగానే ఉంచి, వెచ్చదనం తగిలాక చంపుతుంది. మూడోనాటికి ఆకులు తడిసిన కాగితంలా నల్లబడ్డాయి. తరవాత ఎండాయి. కుండీ పక్కనుంచి నడిస్తే చాలు, గాలికే జలజలా రాలిపోతున్నాయి. వంటింటి కిటికీలో పుట్టిన మొదటి చెట్టు, మనిషెత్తుది, ఒక్క పూటలో బోడి కర్ర అయింది.

భానుమతి ఫోను మోగుతూనే ఉంది. "ఆంటీ, ఈ శనివారం రెండు కట్టలు తీసిపెట్టండి." "అక్కా, మా అత్తగారు వస్తున్నారు, ఒక కుండీ కావాలి." మొదట ఆమె "వచ్చేవారం చూద్దామమ్మా" అంది. తరవాత ఫోను ఎత్తడం మానేసింది.

ఆ తరవాతి ఆదివారం పొద్దున ఇద్దరూ గదిలోకి వెళ్ళారు. చెట్టు చచ్చిందీ బతికిందీ చూడాలంటే కాండం మీద గోరుతో గీరాలి. లోపల పచ్చగా తడి తగిలితే ప్రాణమున్నట్టు. ఆమె ఒక వరస, అతను ఒక వరస. గీరారు. గోధుమరంగు. కాస్త కిందికి గీరారు. గోధుమరంగు. మట్టికి ఆనించి గీరారు. అతని గోటి కింద పొడి పేరుకుంది. మొదట్లో ఒకరికొకరు "ఇది?" "ఊహూఁ" అని చెప్పుకున్నారు. సగం వరసకి వచ్చేసరికి అదీ ఆగిపోయింది. చివరి కుండీ దగ్గర అతను కాస్త ఎక్కువసేపే కూర్చున్నాడు. అది కూడా అంతే.

"ఒక్కటి లేదు భానూ."

ఆమె నీళ్ళ డబ్బా తీసుకుంది. మొదటి కుండీ దగ్గర నుంచి మొదలుపెట్టి, పోయసాగింది. ఎప్పుడూ పోసినట్టే, కుదురు చుట్టూ, మట్టి చెదరకుండా.

"దేనికది?"

"వేరు ఉండొచ్చు."

వేరు లేదని అతనికి తెలుసు. చెయ్యి తిరిగిన తోటమాలి ఆమె, ఆమెకి ఇంకా బాగా తెలుసు. తెల్లటి ఎండ అద్దాల్లోంచి పడుతోంది, బయట మంచు కరగలేదు. ఈ గదికి వేడి ఇక దండగ. గ్యాసు మీద మిగిలేదేదో అదొక్కటే మిగులు. మిగిలిన ఇంటికి మాత్రం వేడి ఉంచుకుని, ఈ నెలాఖరులోగా ఇంటాయనకి ఖాళీ చేస్తామని చెప్పి, కుండీలు కడిగి ఎవరికైనా అమ్ముకోవాలి. ఇవన్నీ అడగకుండానే అతని బుర్రలో వరసగా వచ్చి నిలబడ్డాయి. లేచి రేడియేటరు దగ్గరికెళ్ళి, పక్కనున్న వేడి తగ్గించే మర మీద చెయ్యి వేశాడు.

"తగ్గించకండి," అంది భానుమతి. అతని వైపు తిరగలేదు, డబ్బాలోంచి నీళ్ళు ఆగలేదు.

అతని చెయ్యి మర మీదే ఉండిపోయింది. ఆమె అతన్ని ఏదైనా కోరడం ఈ వారంలో అదే మొదలు. గ్రైండరు గురించి అడగలేదు. సెల్లారులో సుమంత్ వేసిన ప్రశ్న మళ్ళీ ఎత్తలేదు. అడిగితే జవాబు చెప్పడానికి అతను రోజూ సిద్ధపడే ఉన్నాడు. ఆ అవకాశం కూడా ఆమె ఇవ్వలేదు.

మరని తగ్గించే వైపు కాక రెండో వైపు తిప్పాడు, ఇక తిరగనంత దాకా. గొట్టంలో నీళ్ళు జోరుగా వచ్చిన చప్పుడైంది. రేడియేటరు మీద రాలిపడ్డ ఎండుటాకులు వేడికి మెల్లగా వంకర్లు పోవడం మొదలెట్టాయి. గదంతా తాలింపు వాసన లేచింది.

భానుమతి అప్పుడు డబ్బా కింద పెట్టి, కొంగుతో ముక్కు మూసుకుని, కుండీల మధ్య కూర్చుండిపోయింది. వీరాంజనేయులు ఆమె దగ్గరికి వెళ్ళడానికి ఒక అడుగు వేశాడు. ఏం పట్టుకుని వెళ్ళాలో తెలియక అక్కడే ఆగాడు.